తమ ఊరిని గీసినవారు

హైదరాబాదునకు తూర్పుదిక్కున సరూర్‌నగరు చెరువున్నది. కుతుబ్‌షాహీల కాలమున పొలములకు నీరిచ్చుటకై ఏర్పడిన చెరువు అది. నేడు దాని చుట్టును పొలములు లేవు, కాలనీలున్నవి. ఒకవైపు దిల్‌సుఖ్‌నగరు, మరియొకవైపు ఎల్.బి. నగరు. విజయవాడ నుండి వచ్చు రహదారియు, నాగార్జునసాగరము నుండి వచ్చు రహదారియు ఎల్.బి. నగరు కూడలిలో కలియును. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ, మిర్యాలగూడ ప్రాంతముల వారికి పట్నమున మొదట కాలు మోపు నేల ఇదియే. 2021 వరకు గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టునకు నల్లగొండ బత్తాయి లారీలు ఈ త్రోవనే వచ్చెడివి. చదువులకై వచ్చు పిల్లలు నేటికిని ఈ త్రోవనే వచ్చి దిల్‌సుఖ్‌నగరు హాస్టళ్లలో దిగుచున్నారు.

ఈ పేటలలో ఏ ఇంటి తలుపు తట్టి, "మీది ఏ ఊరు?" అని అడిగినను, హైదరాబాదు అను మాట తొలుత రాదు. ముందు పల్లె పేరు చెప్పుదురు. అది ఎదుటివారికి తెలియకున్న మండలము పేరు, అదియు తెలియకున్న జిల్లా పేరు చెప్పుదురు. ఇల్లు కట్టి ఇరువది ఏండ్లయినను, ఓటు ఇక్కడనే ఉన్నను, ఊరు మాత్రము అక్కడనే యుండును. ఈ ప్రశ్నకు మాటతో గాక బొమ్మతో జవాబు చెప్ప యత్నించిన చిత్రకారుల కథను ఈ పుటలలో చెప్పదలచితిమి. బొమ్మను చూపలేని రేడియో మాధ్యమమున బొమ్మలను గూర్చి ప్రసంగించుట కొంత సాహసమే యగును. అయితే మన ప్రాంతమున బొమ్మయు మాటయు ఎన్నడును వేరుగా బ్రతికినవి కావు. కావున ఆ సాహసమునకు శ్రోతలు మమ్ము మన్నింతురని తలచుచున్నాము.

బొమ్మయు మాటయు కలిసి బ్రతికిన చోటు పటము. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కుటుంబములు వ్రాయు పటములను గూర్చి అందరును వినియే యుందురు. ముతక ఖద్దరుబట్టను తీసికొని, గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మజిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, నున్నన చేసి, ఆపైన ఎఱ్ఱని నేలమీద బొమ్మలు వ్రాయుదురు. వెడల్పు మూడడుగులు, పొడవు నలువది అడుగులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. పై నుండి క్రిందికి అరలు అరలుగా కథ సాగును. కథ చెప్పువారు పటమును చుట్టగా చుట్టి ఊరికి తెచ్చి, రాత్రివేళ కొయ్యల నడుమ వ్రేలాడదీసి, ఒక్కొక్క అరను విప్పుచు పాడుదురు.

ఈ పటము అందరిదియు కాదని ముఖ్యముగా గుర్తింపవలెను. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, భావనారాయణుని కథను చెప్పుదురు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెప్పుదురు. గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివారు గలరు. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క కథకుడు, ఒక్కొక్క పటము. "మీరెవరు, ఎక్కడినుండి పుట్టితిరి, ఏ దేవుడు మీ చేతికి ఈ పనిముట్టు నిచ్చెను" అను ప్రశ్నలకు ఆ పటము జవాబు. ఏండ్లకొకమారు కథకుడు ఊరికి వచ్చును. కులమువారు తమ ఇంటిపేర్లు చదివించుకొని, ధాన్యమో ధనమో ఇచ్చి పంపుదురు. పటము జీర్ణించినపుడు చిన్న కర్మకాండ జరిపి నదిలో నిమజ్జనము చేయుట ఆచారము. అనగా ఆ బొమ్మను భద్రపరచుట వారి ఉద్దేశము కాదు. కథ సాగుటయే ఉద్దేశము. బొమ్మ చినిగిన మరల వ్రాయింతురు.

అట్లుండుట వలన ప్రాచీనమైన పటములు మనకు మిగిలినవి బహుస్వల్పము. మిగిలినవానిలో కొన్నిటిని కాపాడినవారు జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు. ఉత్తర భారతమున పుట్టి, శాంతినికేతనమున చదివి, 1950 దశాబ్దపు తొలినాళ్లలో హైదరాబాదునకు వచ్చి ఇక్కడనే స్థిరపడిరి. జీవితమంతయు కళాఖండములను సేకరించి, తుదకు ఒక మ్యూజియముగా ఏర్పరచిరి. వారి సేకరణలో 17వ శతాబ్దమునాటి మార్కండేయ పురాణ పటమొకటి యున్నది. జగదీశ్ మిత్తల్ 2025 జనవరిలో కన్నుమూసిరి. మన నేత కుటుంబములు నదిలో విడిచిన దానిని పరప్రాంతము నుండి వచ్చినవారు కాపాడిరనుట కొందఱకు కష్టముగా తోచవచ్చును. మాకట్లు తోచదు. విడుచుటకును ఒక అర్థమున్నది, కాపాడుటకును ఒక అర్థమున్నది.

హైదరాబాదులో ఆధునిక చిత్రకళాశిక్షణ నిజాము ప్రభుత్వపు చివరి దశాబ్దమున ప్రారంభమయ్యెను. ఆ పాఠశాలలో అజంతా చిత్రములకు ప్రతులు తీసిన ఖాన్ బహద్దూర్ సయ్యద్ అహమ్మద్ వంటివారు గురువులు. వరంగల్లు ప్రాంతమున పెనుగొండ గ్రామమున 1924లో జన్మించిన కొండపల్లి శేషగిరిరావు అచట చదివిరి. మెహదీ నవాజ్ జంగ్ ఆదరణతో శాంతినికేతనమునకు పోయి నందలాల్ బోసు వద్ద శిక్షణ పొందిరి. తిరిగివచ్చి హైదరాబాదు కళాశాలలో పెక్కేండ్లు బోధించిరి. ఆయన కంటె ముందు, కరీంనగరు ప్రాంతపు అన్నారము నుండి పాకాల తిరుమలరెడ్డి బొంబాయి జె.జె. కళాశాలకు పోయి 1939లో పట్టము పొంది, అచట మఱి నలుగురు యువకులతో కూడి 1941 నాటికి కొత్త చిత్రకారుల కూటమి నొకదానిని నిలిపిరి. లోకము ఆయనను పి.టి. రెడ్డిగా నెఱుగును. ఆయన చూపు ప్యారిసు మీదను, తరువాతి కాలమున తాంత్రిక చిహ్నముల మీదను నిలిచెను. మా కథకు ఆయన పెద్ద తలుపు వంటివారు; అయినను ఆ తలుపు దాటి త్వరగా లోనికి పోవలసియున్నది.

శేషగిరిరావు విషయమున మాత్రము ఒక ఘట్టము వద్ద ఆగవలెను. 1975లో హైదరాబాదులో ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినవి. ఆ సందర్భమున ఆయన తెలుగుతల్లిని చిత్రించిరి. ఒక జాతి మొత్తమునకు ఒక ముఖమును కల్పించుట అంతకంటె బరువైన పని చిత్రకారునికి మరియొకటి లేదు. ఆ తరువాత కాలము మారెను. తెలంగాణ ఉద్యమము తెలుగుతల్లికి ఎదురుగా తెలంగాణతల్లిని నిలిపెను. ఊరూరను విగ్రహములు వెలసెను. ఒక ముఖమును గీచినవాడు వరంగల్లు బిడ్డ. ఆ ముఖము తనది కాదన్నది ఆయన పుట్టిన ప్రాంతమే. శేషగిరిరావు 2012లో పరమపదించిరి. రాష్ట్రము 2014లో ఏర్పడెను. 2024 డిసెంబరులో తెలంగాణతల్లి రూపమునే మార్చి సచివాలయమున కొత్త విగ్రహమును ఆవిష్కరించిరి. దానిమీదను వాదములు చెలరేగినవి. అందఱి తల్లిని గీయబోయిన ఆ ముఖముపై కలహము తప్పదని ఈ చరిత్ర చూపుచున్నది. తన తల్లిని గీసినవానితో ఎవరును కలహింపరు.

తన తల్లిని, తన వీధిని గీయుట అను మార్గమునకు మొదటివారిలో ఒకరు సిద్దిపేట కాపు రాజయ్య. 1925లో జన్మించి, హైదరాబాదులో చదివి, పట్నమున నిలువక సిద్దిపేటకే మరలిపోయి చిత్రలేఖనోపాధ్యాయులుగా జీవించిరి. చేర్యాల వారి నకాషీ రీతిని దగ్గరనుండి చూచి, ఆ చదునైన రంగులను, ఆ నల్లని గీతను తన బొమ్మలలోనికి తెచ్చుకొనిరి. కాని పురాణమును విడిచి బోనాలను, వడ్డెరవారిని, పల్లె పనిపాటలను వ్రాసిరి. పటమున దేవుడున్న చోట ఆయన పొరుగింటివారిని కూర్చుండబెట్టిరని చెప్పవచ్చును. సిద్దిపేటలో లలితకళా సమితిని నెలకొల్పి ఎందఱో పిల్లలకు కుంచె పట్టుట నేర్పిరి. ఆయనయు శేషగిరిరావు పోయిన 2012లోనే పోయిరి.

రాజయ్య పల్లె పండుగవంటి పల్లె. లక్ష్మాగౌడు పల్లె అట్టిది కాదు.

మెదకు ప్రాంతపు నిజాంపూరులో 1940లో జన్మించిన లక్ష్మాగౌడు హైదరాబాదు కళాశాలలో 1963లో చదువు ముగించి, బరోడా విశ్వవిద్యాలయమునకు పోయి కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద భిత్తిచిత్రకళను, ముద్రణచిత్రకళను అభ్యసించిరి. బరోడా ఆనాడు దేశమునకు కొత్త కళాకేంద్రము. అచట చదివినవారు బొంబాయికో, ఢిల్లీకో, విదేశములకో పోవుట వాడుక. ఈయన ఊరికి వచ్చిరి. వచ్చి, చిన్ననాడు చూచి చూడని దానిని మరల చూచిరి. మేకలు, ముళ్లచెట్లు, మట్టికుండలు, మీసాలు దువ్విన మగవారు, ముక్కుపుడకలు ధరించిన ఆడువారు, వారి నడుమ దాపరికము లేని శరీరధర్మము. నగరపు మధ్యతరగతి గృహములు ఏ మాటను గుసగుసగా చెప్పుకొనునో ఆ మాట పల్లెలో పొలముగట్టున పకపకలాడుచు వినబడునని ఆయన గుర్తించిరి. సన్నని కలముతోను, రాగిరేకుపై ఆమ్లముతో చేయు ఎచ్చింగు పద్ధతిలోను ఆ లోకమును గీచిరి.

ఆ తొలిచిత్రములను చూచి అనేకులు సిగ్గుపడిరి, కొందఱు కోపపడిరి. కుటుంబమంతయు కూర్చుండి చదువు పత్రికలో వానిని వర్ణించుటకు మాకును కలము సాగదు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఊరిని జ్ఞాపకము చేసికొనుట అనగా ఊరిలోని పాడిపంటలను, ముగ్గులను, పండుగలను మాత్రమే జ్ఞాపకము చేసికొనుట కాదు. కరవు, దొర గడీ, ఆకలి, కామము, భయము ఇవన్నియు ఊరే. అక్కఱకు వచ్చినంత మేరకు కత్తిరించి తెచ్చుకొన్న జ్ఞాపకము గోడమీది క్యాలెండరగును. లక్ష్మాగౌడు కత్తిరింపులేదు. అందువలననే ఆయన మేకకూడ మన కన్నులలోనికి సూటిగా చూచును. ఆయన కొంతకాలము హైదరాబాదు దూరదర్శను కేంద్రమున చిత్రశిల్పిగా ఉద్యోగము చేసి, తరువాత హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున సరోజినీనాయుడు పేర వెలసిన కళాశాలలో ఆచార్యులైరి. ప్రసారసంస్థల ఉద్యోగుల నుండి ఇట్టివారు వచ్చుట మా వంటివారికి కొంత గర్వకారణమని దాచనేల? 2016లో వారికి పద్మశ్రీ లభించెను.

తోట వైకుంఠము పేరు తెలియని ఇల్లు నేడు అరుదు. పేరు తెలియకున్నను ఆయన బొమ్మ తెలియును. నుదుట రూపాయి బిళ్ల యంత కుంకుమ, నల్లని నిండు మేను, పసుపు, ఎఱుపు, ఆకుపచ్చ చీరలు, చేతుల నిండ గాజులు, భుజముమీద చిలుక. కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లిలో 1942లో ఆయన జన్మించిరి. ఊరికి వచ్చు నాటక సమాజములలో మగవారు ఆడువేషము కట్టి అద్దము ముందు ముఖమునకు రంగు పూసికొనుటను బాల్యమున తదేకముగా చూచెడివారట. ఆ అలంకారపు ఆశ్చర్యము, తన తల్లి రూపము, ఊరి స్త్రీల నడక ఈ మూడును కలిసి నలువదియవ ఏట గాని ఆయన చేతికి దక్కలేదు. అంతవరకు బాలభవనమున పిల్లలకు చిత్రలేఖనము నేర్పుచు ఉద్యోగము చేసిరి. ఆయనయు బరోడాలో సుబ్రహ్మణ్యన్ శిష్యులే. బి. నర్సింగరావు తీసిన 'దాసి' చిత్రమునకు కళాదర్శకత్వము వహించి జాతీయ బహుమానము పొందిరి. గడీలోని ఆ చీకటి గదులను చూచినవారికి, వైకుంఠము ఎఱుగని తెలంగాణము లేదని అర్థమగును.

అయితే ఆ బొమ్మలకు కలిగిన కీర్తియే వానికి చిక్కు తెచ్చినది. నేడు హోటళ్ల గోడలమీద, చీర కొంగులమీద, పెండ్లిపత్రికలమీద, చేతిసంచులమీద అవే నుదుళ్లు, అవే చిలుకలు. సంతకము లేని నకళ్లు లెక్కలేనన్ని. ఒకని జ్ఞాపకము అందఱికిని అచ్చుగా మారినది. ఇది ఆయన దోషము కాదు. కాని చిత్రకళాశాలలో చేరు పల్లెటూరి విద్యార్థికి ఇది పెద్ద పరీక్ష. తాను నిజముగా చూచిన తన తల్లిని గీయబోవునపుడు, చేయి తెలియకయే వైకుంఠము గీచిన స్త్రీవైపు జారును. తన తల్లి నుదుట అంత బొట్టు లేకపోవచ్చును. ఆమె బీడీలు చుట్టుచుండవచ్చును, ఫ్యాక్టరీ బస్సునకై నిలిచియుండవచ్చును.

ఇచటనే ఏలె లక్ష్మణును తలచుకొనవలెను. ఆయనది సరూర్‌నగరు ప్రజలకు దగ్గరి త్రోవ. పూర్వపు నల్లగొండ జిల్లాలోని కదిరేనిగూడెమున నేత కుటుంబమున 1965లో పుట్టిరి. చిత్రకారుడగుటకు ముందు సైనుబోర్డులు వ్రాసి బ్రతికిరి. ఫ్లెక్సీలు రాకముందు మన బజారులలో ప్రతి కొట్టు పైనను, ప్రతి గోడపైనను చేతివ్రాత అక్షరములే కదా! ఆ అక్షరముల వెనుక నిచ్చెన మీద నిలిచిన యువకులెందఱో. వారిలో ఎవరు చిత్రకారులగుదురో ఎవరికిని తెలిసెడిది కాదు. ఫ్లెక్సీ యంత్రము వచ్చిన కొలది ఏండ్లలో ఆ వృత్తి కూలిపోయెను. పల్లెటూరి నిరుపేద బాలునకు కుంచె చేతికి దొరకు ఒక్కగానొక్క దారి అట్లు మూతబడినది.

లక్ష్మణు తన ఊరికి మరల పోయి అచటి మనుష్యులను ఒక్కొక్కరినే గీచిరి. ముడుతలు పడిన ముఖములు, తలపాగలు, గొంగళ్లు. వైకుంఠము గీచిన స్త్రీ ఏ ఊరిదైనను కావచ్చును. లక్ష్మణు గీచిన ముసలివాడు ఒక్క ఊరివాడే, ఒక్క ఇంటివాడే. ఆ ముఖమునకు పేరున్నది, వయస్సున్నది, అప్పున్నది. పద్మశాలీల పటములో మార్కండేయుడు మొదలుకొని కులమంతయు వరుసగా నిలుచును, ఎవరి ముఖమును ప్రత్యేకముగా నుండదు. నేతయింటి బిడ్డ చేతిలో ఆ పటము ముక్కలై, ఒక్కొక్క ముక్కలో ఒక్కొక్క మనిషి ప్రత్యక్షమైనట్లు మాకు తోచును. ఇది మా ఊహయే. ఆయన చేతనే 2014లో తెలంగాణ రాష్ట్రపు అధికారచిహ్నము రూపొందెను. కాకతీయ తోరణము, దాని నడుమ చార్మినారు. ప్రభుత్వ కాగితములన్నిటిమీదను అది అచ్చైనది. చిహ్నము గీచిన చేతికంటె ముఖములు గీచిన చేతినే మేము ఎక్కువ ప్రేమింతుము.

ఇంతవరకు మేము చెప్పిన వారందఱును పురుషులే యని గృహిణులైన పాఠకులు ఈపాటికి గమనించియే యుందురు. తెలంగాణ చిత్రములనిండ స్త్రీలే; గీచినవారు మాత్రము మగవారు. ఈ లోపము ఇక్కడిది మాత్రమే కాదు. రాజమహేంద్రవరమున 1925లో ఇరువది ఎనిమిదవ ఏటనే అస్తమించిన దామెర్ల రామారావు కీర్తిని ఆంధ్రులందఱును ఎఱుగుదురు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రకారిణులే యని ఎఱిగినవారెందఱు? నేటి తరమున ఈ లెక్క మారుచున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున చదివిన వరుణికా సరాఫ్ నూలుగుడ్డపై సూదియు దారముతో స్వతంత్ర భారతచరిత్రలోని నిరసనలను, నెత్తురు చిందిన ఘట్టములను కుట్టుచున్నది. అమ్మమ్మలు దిండుగలీబులమీద పూలు కుట్టిన సూదియే అది. ఇంటిపని యని ఎవరును లెక్కింపని పనితనము చరిత్రరచనకు సాధనమైనది.

ఇక మొన్నమొన్న కళాశాలలు విడిచిన యువచిత్రకారుల మాట. జూబిలీహిల్సులోని సృష్టి ఆర్ట్ గ్యాలరీ 'ఎమర్జింగ్ పాలెట్స్' అను పేర వర్ధమాన చిత్రకారుల ప్రదర్శనలు జరుపుచున్నది. మాదాపూరులో రాష్ట్ర కళామందిరమున్నది. ఇట్టి ప్రదర్శనలలో ఒక మార్పును మేము గమనించితిమి. ఈ పిల్లలు ఊరిని గీయుట తగ్గించి, ఊరు విడిచి వచ్చుటను గీయుచున్నారు. తాళము పడిన ఇల్లు, పాత రేషను కార్డు, తండ్రి వాడిన పనిముట్టు, ఇరుకైన అద్దెగదిలో మంచము క్రింద పెట్టె. వస్తువులు చిన్నవైనవి. 'అస్తిత్వము', 'జ్ఞాపకము' అను పెద్దమాటలు బొమ్మ ప్రక్క అంటించిన కాగితములలో మిక్కుటముగా కనబడుచున్నవి. ఆ కాగితములు ఒకదానికొకటి కవలలవలె నుండుట మాకు రుచింపదు. గ్యాలరీలవారికి, విద్యార్థివేతన సంఘములవారికి నచ్చు భాష అది. దానిని చదువక బొమ్మను చూచినచో, ఆ తాళము ఎవరిదో కొంతసేపటికి బొమ్మయే చెప్పును.

మరియొక చిక్కున్నది. పేరుపొందిన గ్యాలరీలలో పెక్కు నగరమునకు పడమట నున్నవి. ఆ పెట్టెలు, ఆ అద్దెగదులు, ఆ హాస్టళ్లు తూర్పున నున్నవి. 2018 సెప్టెంబరు నుండి ఎల్.బి. నగరు వరకు మెట్రో రైలు నడచుచున్నది గనుక దూరము ఇప్పుడు త్రోవది కాదు. తమ ఇంటి పెట్టెను ఎవరో బొమ్మగా గీచి గోడకు తగిలించిరని తెలియక, తెలిసినను లోనికి పోవచ్చునో పోరాదో యని గుమ్మము వద్ద సందేహించువారే ఎక్కువ. ప్రవేశమునకు చాలచోట్ల రుసుము లేదు. పిల్లలను వెంటబెట్టుకొని పోవచ్చును.

చేర్యాల పటము ఏమైనదని అడుగుదురేమో. నకాషీ కుటుంబములు కొన్ని ఇంకను వ్రాయుచున్నవి. పొడవైన పటము వ్రాయించు కులకథకులు తగ్గిపోయిరి. కావున బట్టను చిన్న చతురస్రములుగా కత్తిరించి, చింతగింజల అంబలితోను రంపపుపొట్టుతోను మాస్కులు చేసి, ప్రభుత్వ హస్తకళల దుకాణములలో అమ్ముచున్నారు. ఆ చిన్నబొమ్మలలో పురాణము తక్కువ. బతుకమ్మ ఆడు స్త్రీలు, కల్లుగీయు గౌడు, మగ్గము, ఎడ్లబండి, వడ్లు దంచు కోడలు ఇవియే ఎక్కువ. కొనువారు పట్నవాసులు. ఒకనాడు పల్లెకు పురాణమును వ్రాసియిచ్చిన ఎఱ్ఱని నేలమీదనే నేడు పట్నమునకు పల్లెను వ్రాసియిచ్చుచున్నారు.